ముసలి పిల్లికి రోజూ మందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పిల్లికి 14 ఏళ్లు. రోజూ బీపీ మాత్ర వేయాలన్నారు. ఎలాగోలా పట్టుకుని నోట్లో వేస్తే మింగినట్టే ఉంటుంది, కాసేపటికి మంచం కింద మాత్ర కనిపిస్తుంది. సరిగ్గా మింగించే పద్ధతి చెప్పండి.

జవాబు: మీరు వేసిన మాత్ర నాలుక ముందు భాగంలోనో, బుగ్గ పక్కనో పడుతోంది. అక్కడ పడిన దాన్ని పిల్లి దాచిపెట్టి తర్వాత ఉమ్మేస్తుంది. నాలుక మధ్య గీత మీద, వీలైనంత వెనక్కి పడితే గుటక దానంతట అదే పడుతుంది.

పిల్లిని ఎత్తుకోకముందే అన్నీ సిద్ధం చేసుకోండి: మాత్ర, సూది తీసేసిన సిరంజిలో 5 మి.లీ. నీళ్లు, తర్వాత పెట్టడానికి దానికి ఇష్టమైనది ఓ ముద్ద. పిల్లి వీపు మీ పొట్టకు ఆనేలా ఒళ్లోనో బల్ల మీదో కూర్చోబెట్టండి. వెనక్కి జరిగే దారి లేకపోతే సగం పెనుగులాట తగ్గుతుంది. గోళ్లతో రక్కేదైతే మెడ దాకా తువ్వాలు చుట్టండి. మెడ వెనక తోలు పట్టి ఎత్తడం మాత్రం వద్దు. ఈ వయసులో చాలా పిల్లులకు కీళ్లనొప్పులుంటాయి, పైగా మరుసటి రోజు మిమ్మల్ని చూడగానే పారిపోతుంది.

ఎడమచేతిని తల పైనుంచి తెచ్చి, బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు రెండోవైపు దవడ ఎముకల మీద ఉంచండి. మీసాలను నలపకండి. ముక్కు పైకప్పువైపు తిరిగేలా తల ఎత్తితే కింది దవడ కొద్దిగా వదులవుతుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య మాత్ర పట్టుకుని, మధ్యవేలితో కింది కోరపళ్ల నడుమ ఉన్న చిన్న పళ్ల మీద నొక్కండి. నోరు తెరుచుకోగానే మాత్ర వదిలి, నోరు మూసి, వెంటనే తల మామూలు స్థితికి దించండి. తల ఎత్తి పట్టుకునే ఉంటే మింగడం కష్టమవుతుంది. ముక్కు నాక్కుందంటే గుటక పడినట్టే.

పని ఇక్కడితో అయిపోలేదు. నీళ్లు తాగని పిల్లిలో మాత్ర అన్నవాహికలో నిమిషాల తరబడి అతుక్కుని ఉండిపోతుంది. డాక్సీసైక్లిన్, క్లిండామైసిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు అలా నిలిచిపోతే గోడ పుండై, మానేటప్పుడు దారి ఇరుకైపోతుంది. ఆ తర్వాత తిన్నదంతా వెనక్కి వస్తుంది. అందుకే ప్రతి మాత్ర వెనకా నీళ్లు పట్టించండి. సిరంజి మొనను కోరపన్ను వెనకున్న ఖాళీలో పెట్టి, ఒక్కో మి.లీ. చొప్పున, మింగాక మరొకటి. ధారగా కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు ససేమిరా అంటే వెంటనే ఓ చెంచా మెత్తటి తిండి తినిపించినా సరిపోతుంది.

నోరు తెరవబోతేనే కరుస్తోందా? ముందు పళ్లు చూపించండి. చిగుళ్ల నొప్పితో ఉన్న పిల్లికి ఏ పద్ధతీ పనిచేయదు.

ప్రశ్న: మాత్ర పొడి చేసి గిన్నెలో కలిపితే నాలుగు రోజులు తిన్నది. ఇప్పుడు ఆ తిండి వాసన చూసి వెళ్లిపోతోంది. కిడ్నీ జబ్బున్న పిల్లి, ఏం చేయాలి?

జవాబు: ముందు కలపడం ఆపేయండి. దాని మనసులో ఆ తిండికీ చేదుకీ ముడి పడిపోయింది. కిడ్నీ జబ్బుకు పెట్టే ప్రత్యేకమైన తిండినే అది అసహ్యించుకుంటే మందు కన్నా పెద్ద నష్టం. అదీగాక సగం గిన్నె వదిలేస్తే ఎంత మందు లోపలికి వెళ్లిందో ఎవరూ చెప్పలేరు. పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది. ముసలి పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే రెండో రోజు దాకా ఆగకుండా డాక్టర్‌కి చెప్పండి.

మందుకు వాడే తిండి వేరు, భోజనం వేరు. మందు కోసం వేరే రుచి ఒకటి ఎంచుకుని, ఉసిరికాయంత ముద్దలు మూడు చేయండి. మొదటిది ఖాళీది, రెండోదాంట్లో మాత్ర, మూడోది ఖాళీది. మూడోది కళ్ల ముందు కనిపిస్తుంటే రెండోది నమలకుండా మింగుతుంది. మాత్ర ముట్టిన వేళ్లతో మూడో ముద్ద పట్టుకోకండి, వాసన పసిగడుతుంది. ఉల్లి, వెల్లుల్లి తగిలిన తిండి ఏదీ వాడొద్దు, అవి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి.

ఒక్క మినహాయింపు ఉంది: కిడ్నీ జబ్బులో ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచే మందు. అది తిండిలోని ఫాస్ఫరస్‌నే పట్టుకోవాలి కాబట్టి భోజనంలో కలిపి పెట్టాల్సిందే. మొదట చిటికెడుతో మొదలుపెట్టి, వారం రోజుల్లో చెప్పిన మోతాదుకు చేర్చవచ్చేమో డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న: పావు మాత్ర వేయమన్నారు. కోస్తే ముక్కలు సమంగా రావడం లేదు.

జవాబు: కత్తితో కాకుండా మాత్రలు కోసే చిన్న డబ్బాతో కోయండి. అయినా కొంచెం తేడా వస్తుంది. అందుకే ఒక మాత్ర నాలుగు పావులూ అయిపోయాకే ఇంకోటి కోయండి. ఇవాళ చిన్న ముక్క పడితే రేపు పెద్దది పడి, నాలుగు రోజుల్లో లెక్క సరిపోతుంది. వారానికి సరిపడా ఒకేసారి కోసి పెట్టడం వద్దు. ఆమ్లోడిపిన్ (బీపీ మాత్ర) లాంటివి వెలుతురుకు పాడవుతాయి, తేమకు ముక్కలు పొడవుతాయి. ఎన్ని భాగాలు చేయాలన్నది మీరు కొన్న మాత్ర బలాన్ని బట్టి మారుతుంది: 0.625 మి.గ్రా. కావాలంటే 2.5 మి.గ్రా. మాత్రలో పావు, 5 మి.గ్రా. మాత్రలో ఎనిమిదో వంతు. కొత్త పత్తా తెచ్చినప్పుడల్లా దాని మీది అంకె చదవండి. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

గుండెజబ్బున్న పిల్లులకిచ్చే క్లోపిడోగ్రెల్ (75 మి.గ్రా. మాత్రలో పావు, అంటే 18.75) కోసిన అంచు భయంకరమైన చేదు. నోట నురగ కక్కుతుంది. చూడ్డానికి విషం తిన్నట్టుంటుంది గానీ చేదువల్ల ఊరిన లాలాజలమే అది, కాసేపట్లో ఆగిపోతుంది. 4వ సైజు ఖాళీ జెలటిన్ క్యాప్సూల్‌లో ముక్క పెట్టి మింగిస్తే ఆ బాధ ఉండదు. కడుపు దాటాకే కరగడానికి పూత వేసినవీ, నెమ్మదిగా విడుదలయ్యేవీ మాత్రం కోయకూడదు.

ప్రశ్న: థైరాయిడ్ మందు చెవికి రాసే జెల్‌గా ఇచ్చారు. జాగ్రత్తలేమిటి?

జవాబు: చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. అందులోని మందు, మెథిమజోల్, మీ చర్మంలోంచి కూడా లోపలికి వెళుతుంది. గర్భిణులు ఆ పని చేయకపోవడమే మంచిది. చెవి లోపలివైపు వెంట్రుకలు లేని చోట పలచగా రాయండి, లోతుగా రంధ్రంలోకి కాదు. పొద్దున కుడిచెవి అయితే రాత్రి ఎడమచెవి. రాసేముందు పాత పొరను తడిదూదితో తుడవకపోతే కొత్తది చర్మానికి అందదు. ఇది మాత్రకన్నా నెమ్మదిగా పట్టుకుంటుంది, రక్తపరీక్ష తేదీ తప్పించకండి. మొహం, మెడ పుండయ్యేలా గోక్కుంటే, తిండి మానేస్తే, తర్వాతి మోతాదు ఆపి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఇంట్లో ఇద్దరం మందు వేస్తాం. ఒక్కోసారి వేశామో లేదో గుర్తుండదు.

జవాబు: ఏడు గదుల మాత్రల డబ్బా, దాని పక్కనే ఒక కాగితం. వేసినవారే, వేసిన వెంటనే టిక్కు పెట్టాలి. రోజుకోసారి వేసే మాత్ర మరిచిపోయి, ఆరేడు గంటల్లో గుర్తొస్తే వేయండి. మర్నాటి వేళ దగ్గరపడితే వదిలేయండి. రెండూ కలిపి ఎప్పుడూ వేయొద్దు. వేశాక వాంతి చేసుకున్నా అడక్కుండా మళ్లీ వేయకండి. అదే కాగితం మీద వారానికోసారి బరువు కూడా రాయండి. 4 కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గితే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గినట్టు. ఎత్తుకుంటే తెలిసే తేడా కాదది.

ఇన్సులిన్ విషయంలో మరింత కఠినంగా ఉండాలి. సూది దిగిందో లేదో, బొచ్చు తడిసిందో అన్న అనుమానం వస్తే రెండోసారి పొడవకండి. తిండి తినకపోతే డాక్టర్‌ని అడిగాకే పొడవండి. యు-100 ఇన్సులిన్‌ను (మి.లీ.కి 100 యూనిట్లున్నది) యు-40 సిరంజితో (మి.లీ.కి 40 యూనిట్ల మందు కోసం గీతలు గీసినది) 2వ గీత దాకా లాగితే వెళ్లేది 2 కాదు, 5 యూనిట్లు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడండి. తూలుతూ నడిచినా, నీరసంగా పడిపోయినా రక్తంలో చక్కెర పడిపోయి ఉండొచ్చు; చిగుళ్లకు గ్లూకోజ్ నీళ్లు గానీ తేనె గానీ రుద్ది ఆసుపత్రికి బయల్దేరండి.

ప్రశ్న: కీళ్లనొప్పులకు మన పారాసిటమాల్ చిన్న ముక్క వేయొచ్చా?

జవాబు: వద్దు. ముక్క కూడా వద్దు. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, మొహం వాస్తుంది. ఇప్పటికే వేసేసి ఉంటే లక్షణాలు కనబడేదాకా ఎదురుచూడకండి. విరుగుడుగా ఎసిటైల్‌సిస్టీన్ ఉంది, ఎంత తొందరగా పడితే అంత మేలు. ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నింటికి వేశారో రాసుకుని, ఆ మాత్రల పత్తాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.