తమ్ముడు డిగ్రీ మానేసి అగ్నివీర్‌కి పోతానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బిల్లింగ్‌లో పనిచేస్తున్నా. తమ్ముడికి 19 ఏళ్ళు, ఎత్తు 168 సెంటీమీటర్లు, ఇంటర్ ఎంపీసీలో 64 శాతం వచ్చింది, ఇక్కడే బీఎస్సీ రెండో సంవత్సరం. కాలేజీ మానేసి అగ్నివీర్‌కి, అంటే ఆర్మీలో నాలుగేళ్ళ సిపాయి ఉద్యోగానికి, తయారవుతానని పట్టుబట్టి కూర్చున్నాడు. హవల్దార్‌గా రిటైరైన మా పెదనాన్న కళ్ళు మూసుకుని పంపించమంటాడు. నాన్నకి మామిడితోట మీద అప్పులున్నాయి, నాలుగేళ్ళయ్యాక వచ్చే పదకొండు లక్షలతో అప్పు తీరి నా పెళ్ళి కూడా అయిపోతుందని ఆయన లెక్క. గోరంట్ల వైపు జవాను మురళీ నాయక్ చనిపోయిన వార్త టీవీలో చూసినప్పట్నుంచి అమ్మ ఆర్మీ పేరెత్తితేనే ఏడుస్తోంది. మధ్యలో ఒకాయన మూడు లక్షలిస్తే పోస్టు ఖాయం అంటున్నాడు. ఇంట్లో అందరూ నన్నే అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, కాలేజీ మాన్పించొద్దు, పరీక్ష రాయనివ్వండి. రెండూ కలిసి నడుస్తాయి, ఎలాగో కింద చెప్తా. ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఇంట్లో ఈ గొడవంతా ఆర్మీ పేరుతో జరుగుతున్నా అసలు నడిపిస్తున్నది మీ నాన్నగారి లెక్కేనని నాకు అనిపిస్తోంది.

మొదటి ఏడాది నెలకు 30 వేలు అంటారు గానీ చేతికొచ్చేది 21 వేలు, మిగతా 9 వేలు సేవానిధి అనే పొదుపు నిధిలోకి పోతుంది. జీతం ఏటా కొంచెం పెరుగుతూ నాలుగో ఏడాదికి 40 వేలవుతుంది, అందులో 28 వేలు చేతికి, 12 వేలు నిధికి. ఇట్లా నాలుగేళ్ళలో పిల్లోడి జీతంలోంచి పక్కకు తీసేది 5.02 లక్షలు, ప్రభుత్వం అంతే వేస్తుంది, వడ్డీ కలిపితే సుమారు 11.71 లక్షలు, దానిమీద ఆదాయపు పన్ను ఉండదు. 2022 జూన్‌లో పథకం ప్రకటించినప్పుడు చెప్పిన లెక్క ఇది. అంటే ఆ పదకొండు లక్షల్లో దాదాపు సగం మీ తమ్ముడు తను ఖర్చు పెట్టుకోకుండా దాచుకున్నదే, ఎవరో బహుమానంగా ఇచ్చేది కాదు.

ఇంకో సంగతి మీ నాన్నగారికి ఎవరూ చెప్పినట్టు లేరు. నాలుగేళ్ళ తర్వాత బ్యాచ్‌లో 25 శాతం మంది దాకా రెగ్యులర్‌గా తీసుకుంటారు, వాళ్ళకు మరో 15 ఏళ్ళ సర్వీసు ఉంటుంది. అలా ఎంపికైన వాళ్ళకు సేవానిధిలో తమ వాటా, దాని వడ్డీ మాత్రమే ఇస్తారు, ప్రభుత్వం వాటా రాదు. మధ్యలో సొంత కారణాలతో బయటికొచ్చినా అంతే, అసలు అలా వదలడమే అరుదు. పూర్తి పదకొండు లక్షలు చేతిలో పడేది నాలుగేళ్ళు నిండి ఇంటికి పంపించేసిన వాళ్ళకే. అంటే మీ నాన్నగారి లెక్క నిజం కావాలంటే మీ తమ్ముడికి ఉద్యోగం లేకుండా పోవాలి! ఇరవై నాలుగేళ్ళ వయసులో బ్యాగు భుజాన వేసుకుని తిరుపతి స్టేషన్‌లో దిగిన పిల్లోడికి మళ్ళీ చదువుకో, చిన్న వ్యాపారానికో, ఇంకో ఉద్యోగం దొరికేదాకా బతకడానికో ఆ డబ్బే దిక్కు, దాన్ని ఇప్పట్నుంచే తోట అప్పుకి, మీ పెళ్ళికి రాసేసుకుంటే వాడు బయటికొచ్చిన రోజు చేతిలో ఏముంటుంది? 2025లో తోతాపురి మామిడికి ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4, మొత్తం కిలోకి 12 రూపాయలని ప్రకటించాక కూడా రైతు ఎన్ని తిప్పలు పడ్డాడో మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ కష్టం నిజమే. కానీ ఆ అప్పు బ్యాంకుతో, సొసైటీతో కూర్చుని తేల్చుకోవాల్సిన వ్యవహారం. నెల జీతంలోంచి, తిండి, వసతి వాళ్ళే చూస్తారు కాబట్టి, వాడంతట వాడు ఇంటికి కొంత పంపిస్తే సంతోషం. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దని నాన్నగారికి మీరే చెప్పాలి, మీ పెళ్ళి పేరు కూడా అందులో ఉంది కాబట్టి మీరు చెప్తేనే వింటారు.

పెదనాన్నగారి మాటకు విలువ ఇవ్వాల్సిందే, కాకపోతే ఆయన చేరిన ఆర్మీ ఒప్పందం వేరు, ఇది వేరు. ఆయనకు పెన్షన్ ఉంది, వైద్యానికి ఈసీహెచ్ఎస్ కార్డు ఉంది, క్యాంటీన్ కార్డు ఉంది (దాని మీద చుట్టాలందరికీ కన్ను ఉంటుంది, అది వేరే కథ), మాజీ సైనికుడనే హోదా ఉంది. నాలుగేళ్ళకే బయటికొచ్చే అగ్నివీర్‌కి ఇవేవీ లేవు, గ్రాట్యుటీ కూడా లేదు. కాబట్టి జీతభత్యాల గురించి ఆయన్ని అడగొద్దు. ట్రైనింగ్ ఎలా ఉంటుంది, హిందీ రాని చిత్తూరు పిల్లోడు మొదటి ఆర్నెల్లు ఎలా నెట్టుకొస్తాడు, చలి ప్రాంతంలో పోస్టింగ్ పడితే ఒంటికి ఏమవుతుంది, పైవాడు తిడితే పడుండటం ఎంత కష్టం, ఇవన్నీ మీ తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి అడిగించండి. ఆ మాటలు విన్నాక కూడా వాడికి పోవాలనే ఉంటే అది పనికొచ్చే ఇష్టం. హాస్టల్లో నలుగురు ఫ్రెండ్స్ అప్లై చేశారనో, రీల్స్‌లో యూనిఫాం బాగుందనో, ఫిజిక్స్ బ్యాక్‌లాగ్ తప్పించుకోవచ్చనో అయితే రెండు మూడు మాటల్లోనే బయటపడుతుంది, హవల్దార్‌గా చేసిన మనిషికి అది పట్టుకోవడం ఒక లెక్కలోది కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, నాలుగేళ్ళ తర్వాత ఏంటి? బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో మాజీ అగ్నివీర్‌లకు 2022లో 10 శాతం కోటా ప్రకటించారు, వయసులో సడలింపు కూడా ఉంది, మంచిదే. కానీ మీ తమ్ముడి ఎత్తు 168. ఆర్మీ జనరల్ డ్యూటీకి (మామూలు సిపాయి పోస్టుకి) మన ప్రాంతం వాళ్ళకు 166 చాలు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్‌గా చేరడానికి స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే ఎస్ఎస్‌సీ జీడీ పరీక్షకి మాత్రం మగపిల్లలకు మామూలుగా 170 కావాలి, ఎస్టీలకీ కొన్ని ప్రాంతాల వాళ్ళకీ మాత్రమే తగ్గిస్తారు. "అగ్నివీర్ ఎందుకురా, ఎస్ఎస్‌సీ జీడీ రాయి, అరవై ఏళ్ళదాకా పర్మినెంటు" అని ఎవరైనా సలహా ఇస్తే, సలహా మంచిదే గానీ వాడి కొలతకు సరిపోదు. అగ్నివీర్ కోటాలో పోయినా ఆ రోజు నోటిఫికేషన్‌లో ఎత్తు దగ్గర ఏం రాశారో చూసుకోవాల్సిందే. మన రాష్ట్ర పోలీస్ కానిస్టేబుల్‌కి 167.6 అడిగారు, అంటే ఒడ్డున నిలబడ్డట్టే. ఉదయం లేచిన వెంటనే కొలిస్తే మనిషి కాస్త పొడుగ్గా, సాయంత్రానికి కాస్త పొట్టిగా ఉంటాడు, అందుకని ఇంట్లో గోడకు గీత గీసి కొలిచింది నమ్మకుండా రెండు పూటలా సరిగ్గా కొలిపించండి. పోలీసు ఉద్యోగం మంచిదే, కానీ 2022 నవంబరులో వచ్చిన 6,100 పోస్టుల నోటిఫికేషన్‌కి తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి, ఆ మధ్యకాలం అంతా గ్రౌండ్‌లో పరుగులు పెట్టి ఇంకో పని నేర్చుకోని పిల్లల్ని నేను తిరుపతిలో చాలామందినే చూశా.

డిగ్రీ ఆపొద్దని అందుకే అంటున్నా. పథకం మొదలైనప్పటి నిబంధన పదిహేడున్నర నుంచి 21 ఏళ్ళు, మీ వాడికి 19. ఆన్‌లైన్ రాతపరీక్ష, ఆ తర్వాత ర్యాలీలో పరుగు పరీక్ష, మెడికల్, మెరిట్ లిస్టు, ఇదంతా నెలల పని, కాబట్టి కాలేజీకి వెళ్తూనే రాయొచ్చు, పరీక్ష తెలుగులో కూడా ఉంటుంది. సెలెక్ట్ అయితే అప్పుడు ఆలోచించుకుందాం, కాకపోతే చేతిలో డిగ్రీ ఉంటుంది. డిగ్రీ ఉంటే యూపీఎస్‌సీ పెట్టే సీడీఎస్ రాసి నేరుగా ఆఫీసర్‌గా పోయే దారి తెరుచుకుంటుంది, దానికి వయసు 24, 25 దాకా టైముంది. సిపాయిగా పోవడం తక్కువని చెప్పడం లేదు. సైన్యం అనగానే మన ఇళ్ళల్లో సిపాయి ఒక్కటే గుర్తుకొస్తుంది, కలికిరిలో సైనిక్ స్కూల్ పెట్టి ఇన్నేళ్ళయినా పల్లెల్లో చాలామందికి ఎన్‌డీఏ (ఇంటర్ తర్వాత ఆఫీసర్ ట్రైనింగ్‌కి రాసే పరీక్ష), సీడీఎస్ పేర్లు తెలీవు, అదీ నా బాధ. ఒకవేళ రెండో ఏడాదిలోనే సెలెక్టై వెళ్ళాల్సి వస్తే సర్టిఫికెట్లు, మార్కుల మెమోలు కాలేజీ నుంచి సరిగ్గా తీసుకుని వెళ్ళమనండి. సర్వీసులో ఉంటూనే ఇగ్నో ద్వారా డిగ్రీ చేసుకునే ఏర్పాటు ఉంది, అందులో సగం క్రెడిట్లు ఆర్మీలో నేర్చుకున్న పనికే ఇస్తారు. రోజంతా డ్రిల్ చేసి వచ్చి పుస్తకం తెరవడం మాత్రం వాడి చేతిలో ఉంది.

వాడికి ఇంటర్‌లో ఎంపీసీ, 64 శాతం ఉంది కదా, మరి జనరల్ డ్యూటీ ఒక్కటే ఎందుకు? 2025 నుంచి రెండు కేటగిరీలకు అప్లై చేసుకోనిస్తున్నారు. టెక్నికల్‌కి ఇంటర్‌లో మొత్తం 50 శాతం, సబ్జెక్టుకి 40 ఉంటే చాలు. క్లర్క్‌కి 60 శాతం మొత్తం, సబ్జెక్టుకి 50 కావాలి, టైపింగ్ కూడా. నన్నడిగితే మొదటి ఎంపిక టెక్నికల్. వైర్‌లెస్‌దో, వాహనాలదో, కరెంటుదో పని నాలుగేళ్ళు చేతికి అలవాటైతే బయటికొచ్చాక శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో అడిగేది అదే, తుపాకీ పట్టిన అనుభవానికి బయట దొరికేది ఎక్కువగా సెక్యూరిటీ పని.

అప్లై చేసే ముందే ఒంటిని చూపించండి, చాలామంది ఏడాది పరుగెత్తి చివర్లో మెడికల్‌లో ఆగిపోతారు. తడి కాళ్ళతో గచ్చు మీద అడుగు వేయమనండి, పాదం మధ్యలో ఖాళీ లేకుండా మొత్తం అచ్చు పడితే ఫ్లాట్ ఫుట్ అనుమానం, డాక్టరుకి చూపించాలి. నిలబడితే మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయా, చెవి పొరకు చిల్లు ఉందా, రంగులు సరిగ్గా కనిపిస్తున్నాయా, ఇవి కూడా. మీరు ఆస్పత్రిలోనే పనిచేస్తున్నారు కాబట్టి ఎవరిని అడగాలో మీకే బాగా తెలుసు. టాటూ ఉంటే ముంజేతి లోపలి వైపో, అరచేతి వెనకో అయితే పర్వాలేదు, భుజం మీదో ఛాతీ మీదో ఉంటే ఇబ్బంది. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లోపు పరుగెత్తితే 60 మార్కులు, పది పులప్స్ తీస్తే 40. దీనికి వేలకు వేలు పోసి అకాడమీ హాస్టల్లో చేరక్కర్లేదు, ఎస్వీయూ గ్రౌండ్‌లో పొద్దున్నే స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడే ఫ్రెండ్ ఒకడుంటే చాలు. అలిపిరి మెట్లు ఎక్కితే సరిపోతుందని కొందరు అంటారు, దమ్ము పెరుగుతుంది నిజమే, టైమింగ్ మాత్రం చదును నేల మీద పరుగెత్తితేనే వస్తుంది.

ఆ మూడు లక్షలాయన నంబరు ఈరోజే బ్లాక్ చేయండి. పరీక్ష కంప్యూటర్ మీద, పరుగు అందరి ముందు, మెడికల్ ఆర్మీ డాక్టర్ల చేతిలో, ఆయన చేసేదేముంది? ఇట్లాంటోళ్ళు పదిమంది దగ్గర తీసుకుంటారు, తమ సొంత కష్టంతో ఇద్దరు సెలెక్టైతే అది తమ పుణ్యమే అని చెప్పుకుంటారు, మిగతా ఎనిమిది మంది డబ్బుకోసం తిరుగుతూ ఉంటారు. ముఖ్యంగా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ చేతికి ఇవ్వొద్దు. సందేహం ఏదున్నా గుంటూరులో ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు ఉంది, మన జిల్లాలు దాని కిందికే వస్తాయి.

ఇక అమ్మ. "ఏమీ కాదులే అమ్మా, ఆఫీసు పనే" అని అబద్ధం చెప్పొద్దు. మురళీ నాయక్ కూడా అగ్నివీరే, 2025 మేలో సరిహద్దు కాల్పుల్లో పోయాడు. అంతకుముందు 2021 డిసెంబరులో కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో జనరల్ రావత్‌తో పాటు చనిపోయిన లాన్స్ నాయక్ సాయితేజది మన కురబలకోట మండలమే. మీ అమ్మకు ఇవన్నీ తెలుసు, తెలిసిన మనిషి దగ్గర దాచితే ఇంకా భయపడుతుంది. డ్యూటీలో ప్రాణం పోతే 48 లక్షల బీమా, దానికి తోడు 44 లక్షల పరిహారం, మిగిలిన సర్వీసు జీతం కుటుంబానికి వస్తాయి, రెగ్యులర్ సిపాయి కుటుంబానికి వచ్చే పెన్షన్ మాత్రం రాదు. ఇది మీరూ నాన్నగారూ తెలుసుకుని ఉండాల్సిన విషయం, అమ్మ ముందు లెక్కలు వేసే విషయం కాదు. వెళ్తానని అమ్మకు చెప్పాల్సింది కూడా మీ తమ్ముడే, మీరు మధ్యవర్తిగా చెప్పొద్దు, అమ్మ కళ్ళలోకి చూసి ఆ మాట చెప్పలేకపోతే వాడు ఇంకో ఏడాది ఆగడమే మంచిది.

ఇంకొక్కటి. మీరంతా పెదనాన్నని అడుగుతున్నారు, పెదమ్మని ఎవరూ అడిగినట్టు లేదు. ఆయన సరిహద్దులో ఉన్నన్ని రోజులు ఫోన్ కలవని రాత్రులు, సెలవు దొరక్క ఆగిపోయిన పండుగలు, పిల్లల జ్వరాలు అన్నీ చూసింది ఆమె. ఒక పూట ఆమెను మీ ఇంటికి పిలిచి అమ్మ దగ్గర కూర్చోబెట్టండి, పెదనాన్న వెంట రాకపోతే ఇంకా మంచిది, ఆయనుంటే ఆమె నిజం మాట్లాడదు.