గేమ్ ఆడుతుంటే ల్యాప్‌టాప్ 97 డిగ్రీలకు వెళ్తోంది, కూలింగ్ ప్యాడ్ కొనమంటారా?

కూలింగ్ ప్యాడ్ డబ్బులు ప్రస్తుతానికి జేబులోనే ఉంచుకోండి. వాలరెంట్ మొదలుపెట్టాక పావుగంట దాకా బాగానే ఉండి, ఆ తర్వాత ఉన్నట్టుండి ఫ్రేమ్స్ (సెకనుకి తెర మీద మారే బొమ్మలు) పడిపోవడం, ఫ్యాన్ హోరు, కీబోర్డు మీద వేలు ఆనించలేనంత వేడి అని రాశారు కదా, ఇదంతా నేనూ పడ్డాను. నాదీ మీలాంటి మెషీనే, ప్రాసెసర్ ఐ5-10300హెచ్, గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650. ఉండేదేమో విజయవాడలో డాబా మీద గది, మే నెలలో రాత్రి తొమ్మిది దాటినా స్లాబు సెగ కక్కుతూనే ఉంటుంది, ఇక ల్యాప్‌టాప్ ఫ్యాన్ లోపలికి లాక్కునేదీ ఆ వేడి గాలినే.

ముందు ఒక టెన్షన్ తీసేస్తాను. 97 చూసి ప్రాసెసర్ కాలిపోతుందని భయపడక్కర్లేదు. ఈ చిప్‌కి ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు, ఆ దరిదాపుల్లోకి వెళ్లగానే అది తన స్పీడు తనే తగ్గించుకుంటుంది, థ్రాట్లింగ్ అనేది దాన్నే. పింగ్ (గేమ్ సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే టైమ్) మామూలుగానే ఉందని మీరే అంటున్నారు కాబట్టి మీ ల్యాగ్ నెట్ వల్ల కాదు, చాలావరకు ఇదే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని మెషీన్ లోపలి వేడి, స్పీడు చూపించే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతుంది, అది వెనకాల నడుస్తుండగా కాసేపు ఆడి, థర్మల్ థ్రాట్లింగ్ అన్న వరుసలో ఏముందో చూడండి, డౌటు తీరిపోతుంది. ఆట మధ్యలో మెషీన్ మొత్తం టప్పున ఆగిపోతుంటే మాత్రం అది వేరే సంగతి, ముందు ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసుకోవాలి.

పైసా ఖర్చు లేకుండా ఎక్కువ తేడా తెచ్చేది టర్బో బూస్ట్ ఆపడం. ఈ ప్రాసెసర్ అసలు స్పీడు 2.5 గిగాహెర్ట్జ్, బూస్ట్‌లో 4.5 దాకా పోతుంది. ఆ పై స్పీడు కోసం ఓల్టేజీ పెంచాలి, ఓల్టేజీ కాస్త పెరిగినా కరెంటు ఖర్చు దాని వర్గం లెక్కన ఎగబాకుతుంది, అదంతా వేడిగానే బయటికి రావాలి. పైగా ఈ తరహా ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ కలిపి అవే రాగి గొట్టాలు, ఒకటి వేడెక్కితే రెండోది కూడా ఉడుకుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది, ప్లగ్డ్ ఇన్ దగ్గర 100 తీసేసి 99 పెట్టండి. ఒక్క అంకె తగ్గిస్తే ఏమొస్తుందిలే అనుకుంటాం గానీ దాంతో బూస్ట్ పూర్తిగా ఆగిపోతుంది. నాకు తొంభైల్లో ఉండేది డెబ్బైల్లోకి దిగింది. వాలరెంట్ ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడే గేమ్ కాబట్టి ఫ్రేమ్స్ తగ్గిన మాట నిజమే, అయినా వందకు పైనే నిలకడగా ఉన్నాయి, నూట యాభై చూపించి ఫైట్ మధ్యలో నలభైకి పడిపోవడం కంటే ఇదే నయం కదా. జీటీఏ 5 లాంటివి ఆడేటప్పుడైతే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 60 పెట్టేస్తాను. అండర్‌వోల్టింగ్, అంటే ప్రాసెసర్‌కి అందే ఓల్టేజీ తగ్గించడం, చేయమని యూట్యూబ్‌లో చెప్తుంటారు, కానీ 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయాస్‌లోనే (విండోస్ కంటే ముందు నడిచే మెషీన్ సొంత సాఫ్ట్‌వేర్) దానికి తాళం వేశాయి, దాని వెంట పడి టైమ్ వేస్టు చేసుకోకండి.

ఇక దుమ్ము. ఐదేళ్లలో ఒక్కసారీ విప్పలేదన్నారు, అసలు దొంగ అక్కడే ఉండొచ్చు. మా దగ్గర ఒక రిపేరు షాపులో మూత కూడా తీయకుండానే మదర్‌బోర్డు పోయిందన్నారు, నాకు నమ్మబుద్ధి కాక ఇంటికి తెచ్చి నేనే విప్పాను. పైనుంచి చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే కనిపిస్తుంది, మోసపోవద్దు. ఫ్యాన్ విప్పి పక్కన పెడితే, గాలి బయటికి పోయే సన్నటి రేకుల ముందు దుమ్ము దూదిపరుపు ముక్కలా మందంగా పట్టేసి ఉంది, ట్వీజర్‌తో పట్టుకుని లాగితే ఒకే ముక్కగా వచ్చేసింది. గాలి ఒక్క సందులోంచి కూడా పోవట్లేదన్నమాట, ఫ్యాన్ ఎంత అరిచి ఏం లాభం.

మీరే విప్పేటట్టయితే ముందు వారంటీ ఉందేమో చూసుకోండి. ఛార్జర్ పీకేసి, మూత తీయగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాకే మిగతా పని. కింది మూత స్క్రూలు పొడవు పొట్టి కలిపి ఉంటాయి, ఎక్కడిది అక్కడే కాగితం మీద పెట్టుకోండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే విపరీతమైన స్పీడుతో తిరిగి బేరింగ్ పోతుంది. చిప్‌కీ, దాని వేడి లాగే హీట్‌సింక్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ కూడా మార్చేద్దామనుకుంటే హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అచ్చు వేసి ఉంటుంది, బిగించేటప్పుడు ఆ వరుసలోనే, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా బిగించండి. గ్రాఫిక్స్ మెమరీ చిప్‌ల మీద మెత్తటి ప్యాడ్‌లు ఉంటాయి, చిరిగితే అదే మందం ప్యాడ్ వేయాలి, వాటి బదులు పేస్ట్ రాస్తే సందు నిండదు. చేయి వణుకుతుందనుకుంటే దగ్గరుండి చేయించుకోండి, తప్పేం లేదు.

కూలింగ్ ప్యాడ్ సంగతంటారా, దాని ఫ్యాన్లు మీ ల్యాప్‌టాప్ అడుగున ఉన్న గాలి కంతలకు సరిగ్గా ఎదురుగా వస్తే నాలుగైదు డిగ్రీలు తగ్గొచ్చు, రాకపోతే ఉత్త చప్పుడే. వెనక వైపు రెండు పుస్తకాలు పెట్టి ఎత్తితే దాదాపు అంతే ఉపయోగం. మంచం మీద, బొంత మీద పెట్టి ఆడటం మాత్రం ఇవాళే మానేయండి. ఐస్ ప్యాక్‌లు, తడిగుడ్డలు పెట్టే వీడియోల జోలికి అసలు పోకండి, లోపల నీటి చెమ్మ పడితే నిజంగానే మదర్‌బోర్డు పోతుంది.

ఇంకొకటి. ఎప్పుడూ ఛార్జర్ పెట్టే ఆడతారు కాబట్టి కంపెనీ యాప్‌లో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి. టచ్‌ప్యాడ్ కాస్త పైకి లేచినట్టున్నా, క్లిక్ బిగుసుకున్నట్టున్నా బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి, అప్పుడు గేమ్ సంగతి తర్వాత, వెంటనే మెషీన్ ఆపేసి బ్యాటరీ మార్పించండి. బూస్ట్ ఆపి, దుమ్ము తీశాక కూడా 90 దాటుతుంటే మోడల్ పేరు, అడుగు భాగం ఫోటో ఇక్కడ పెట్టండి, గాలి కంతలు ఎక్కడున్నాయో చూసి ప్యాడ్ పనికొస్తుందో లేదో చెప్తాను.