పల్లెటూళ్లో శెట్టిగారి కొట్టు మూడు తరాలు ఎలా నిలబడింది?

సూళ్లూరుపేట వైపు మీ తాతల ఊళ్లో ఒకే కుటుంబం కిరాణా కొట్టును అన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చిందని కదా మీ ప్రశ్న. నన్నడిగితే అసలు కీలకం అరువే. రోజూ ఇచ్చిన సరుకు చిట్టాలో, అంటే రోజువారీ పద్దు పుస్తకంలో రాసి, తర్వాత ఆవర్జా అనే ఖాతాల పుస్తకంలో ఎవరి ఖాతాకు వాళ్లది ఎక్కించేవారు. రైతు పంట చేతికొచ్చాక డబ్బో, వడ్లో, వేరుశెనక్కాయలో తెచ్చి బాకీ చెల్లువేయించుకునేవాడు. గింజలకు ధర కట్టేదీ శెట్టిగారే, కాబట్టి లాభం రెండువైపులా. ఊరికే ధర్మానికి అరువిచ్చారనుకోకండి! ఏ ఇంటివాడు ఎప్పుడు తీరుస్తాడో తెలిసింది ఆ కుటుంబానికే; బయటివాడు కొట్టు కొన్నా బాకీలు వసూలు చేసుకోలేడు.

తూకం వీశెల్లో ఉండేది. వీశె అంటే 40 పలాలు, దాదాపు 1.4 కిలోలు. 1957లో నయాపైసలు, 1962కల్లా కిలోలు వచ్చేసినా ముసలమ్మలు "పావు వీశె చింతపండు కట్టు నాయనా" అనే అడిగేవారు. శెట్టిగారు కిక్కురుమనకుండా 350 గ్రాములు తూచి పొట్లం కట్టేవారు.

టోకు సరుక్కి ఆ వైపు ఊళ్లకు పెద్ద దిక్కు మన చెన్నై కొత్వాల్ చావడి. 1996లో కూరగాయల వ్యాపారం కోయంబేడుకు తరలిపోయినా, పప్పులూ దినుసుల కొట్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.