ముందు పడమటి గోడ సంగతి చూడు

చిరంజీవి మాధవికి, మామయ్య ఆశీస్సులు.

మీ కంపెనీ వాళ్ళు నెల్లూరు మినీ బైపాస్ దగ్గర కట్టబోయే అపార్టుమెంటుకి గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్, అంటే కరెంటూ నీళ్ళూ తక్కువ వాడే కట్టడమని ఇచ్చే పత్రం, తెచ్చే పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు పంపిన ప్లాను కూడా చూశాను. టెన్షన్ పడాల్సిందేమీ లేదు. కాకపోతే ఈ పని ఎప్పుడు మొదలుపెట్టామన్నదే ముఖ్యం. పునాది తవ్వకముందే మొదలుపెడితే సగం పనికి పైసా ఖర్చుండదు. శ్లాబులన్నీ పడ్డాక మొదలుపెడితే మాత్రం, కన్సల్టెంటు చెప్పిందల్లా కొంటూ సర్టిఫికెట్‌కి కావలసిన పాయింట్ల కోసం దేవులాడుకోవడమే. కాబట్టి రిజిస్ట్రేషన్ ఈ నెలలోనే చేయించు.

ఏ సర్టిఫికెట్ అన్నదానికి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకు. మన వైపు ఎక్కువగా నడిచేది ఐజీబీసీ, అంటే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ వాళ్ళది. 2001లో పరిశ్రమల సమాఖ్య సీఐఐ పెట్టిన సంస్థ, హైదరాబాదులోనే ఉంటుంది. వాళ్ళుండే గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి 2003లో అమెరికా వాళ్ళ లీడ్ రేటింగులో పై మెట్టయిన ప్లాటినం వచ్చింది. అమెరికా బయట ఆ రేటింగు వచ్చిన మొదటి భవనం అదే. ఇళ్ళకీ అపార్టుమెంట్లకీ వాళ్ళది గ్రీన్ హోమ్స్ అని వేరే రేటింగు ఉంది. ఇక గృహ అనే రేటింగు టెరి అనే పరిశోధన సంస్థ వాళ్ళూ కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖా కలిసి తెచ్చింది, అందులో నక్షత్రాలిస్తారు. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ వాళ్ళ రేటింగు ఎడ్జ్. కరెంటు, నీళ్ళు, కట్టడ సామగ్రి, ఈ మూడింట్లోనూ కనీసం 20 శాతం ఆదా చూపించాలి. మీకు గ్రీన్ హోమ్స్ చాలు. గోల్డా ప్లాటినమా అని మీ ఓనరు ఇప్పుడే అడిగితే నవ్వి ఊరుకో.

ఇప్పుడు అసలు విషయం. మన నెల్లూరులో బిల్డింగు పచ్చగా ఉండడమంటే నా దృష్టిలో మొదట మే నెలలో చల్లగా ఉండడం. మీ ప్లానులో పడమటి వైపు ఎలివేషన్, అంటే బయటికి కనబడే ముఖమంతా, అద్దాలు పెట్టారు. అది చూసి నాకు కోపమొచ్చింది. రోహిణి కార్తెలో ఏ అపార్టుమెంటులోనైనా రాత్రి తొమ్మిదింటికి పడమటి గోడకి అరచెయ్యి ఆనించి చూడు, ఇంకా కాలుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు మంచం ఆ గోడకి దూరంగా జరుపుకొని, ఏసీని 18లో పెట్టుకొని పడుకుంటారు. అద్దాలైతే చెప్పేదేముంది. ఎకో నివాస్ సంహిత అని కేంద్రం 2018లో తెచ్చిన నిబంధన ప్రకారం, మన లాంటి వేడి ప్రాంతాల్లో గోడల నుంచీ కిటికీల నుంచీ లోపలికొచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. మీ ఆర్కిటెక్టు చేత ఆ లెక్క వేయించు. కాగితం మీద అంకె కనబడితే ఆ అద్దాలు వాటంతటవే తగ్గుతాయి. నువ్వు గొడవ పడక్కర్లేదు.

పడమటి ఎండ వాలుగా వస్తుంది. పైన అడ్డంగా వేసే సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. కిటికీ పక్కన నిలువు పలక, అదే ఫిన్, వేయించాలి, లేదా ఆ వైపు కిటికీలే చిన్నవి చెయ్యాలి. మెట్లు, లిఫ్టు, బాత్‌రూములు పడమటికి తోసేస్తే ఇంకా మేలు.

అక్కడే వాస్తు అడ్డొస్తుంది. కొనేవాళ్ళకి పెద్ద పడకగది నైరుతిలోనే ఉండాలి, అదేమో ఇంట్లోకెల్లా వేడి మూల. వాళ్ళతో వాదించి ఫ్లాట్లు అమ్మలేవు. గది అక్కడే ఉంచి, పడమటి గోడ పొడుగునా బీరువాల అల్మరా పెట్టించు, గోడకి వేడిని తక్కువగా లోపలికి పంపే తేలికపాటి ఏఏసీ బ్లాకులు వాడించు. కిటికీ దక్షిణానికి తిప్పు. వంటిల్లు ఆగ్నేయం అంటారు కదా, మనకి సాయంత్రం సముద్రపు గాలి వచ్చేది కూడా ఆ వైపు నుంచే. పొయ్యి వేడీ, తాలింపు ఘాటూ కలిసి హాల్లోకొస్తాయి. అందుకే వంటింటికి ఎగ్జాస్ట్ ఫ్యాను డక్టు ప్లానులోనే చూపించి, గాలికోసం హాలుకి తూర్పున వేరే పెద్ద కిటికీ ఇవ్వండి. నేను చెప్పే సలహాల్లో అన్నిటికంటే ఎక్కువ కరెంటు మిగిల్చేవి ఇవే. డాబా మీద తెల్ల పెంకు పరిపించడం ఎలాగూ చేస్తారు, దాని గురించి రాయను.

నీళ్ళ దగ్గర జాగ్రత్త. వాననీటి ఏర్పాటు ఉంటే పాయింటు రావడం కాదు, లేకపోతే సర్టిఫికెట్టే రాదు. అందరూ ఇంకుడు గుంత తవ్వించి ఫోటో తీసి పంపిస్తారు. మనకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాలతో పాటు పడతాయి. అప్పటికే నేల నాని ఉంటుంది. మీ స్థలం ఒకప్పటి వరి మడి, కింద బంకమన్ను. గుంతలో నీళ్ళు రోజుల తరబడి కదలక దోమలు పెరుగుతాయి. ముందు గుంత తవ్వి, బిందెలతో నీళ్ళు పోయించి ఎంతసేపటికి ఇంకుతాయో నువ్వే దగ్గరుండి చూడు. ఇంకకపోతే సంపు కట్టించి నిలవ చేసుకోవడమే నయం. 500 చదరపు మీటర్ల డాబా మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 50 వేల లీటర్లు. పోయింది పోగా 40 వేలు చేతికొస్తాయి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసేవాళ్ళకి ఆ లెక్క చెప్పు.

పాయింటు ఉన్నా లేకున్నా ఇంకొకటి చెయ్యి. 2015 నవంబరు వానలకి ఊళ్ళో కాలనీలు మునిగాయి, 2021 నవంబరులో పెన్న పొంగింది. కరెంటు ప్యానెల్ బోర్డు, మోటార్లు, జనరేటరు సెల్లార్లో పెట్టనివ్వకు, పైకెక్కించు. అలాగని స్థలమంతా గ్రావెల్ తోలి ఎత్తు చేసి, వాన నీళ్ళు పక్కింటి వాళ్ళ మీదికి తోలడం గ్రీన్ ఎలా అవుతుంది? మడిలో పైనున్న అడుగు మన్ను మాత్రం ఎత్తించి ఓ మూల కుప్ప పోయించి, టార్పాలిన్ కప్పించు. మొలగొలుకుల వడ్లు పండిన మన్ను అది. తర్వాత చెట్లకి అదే వాడుకోవచ్చు.

సామగ్రి విషయంలో మనకంత అదృష్టం ఎవరికీ లేదు. నేలటూరు థర్మల్ కరెంటు కేంద్రం బూడిద పక్కనే ఉంది, దానితో చేసే ఫ్లైయాష్ ఇటుక కావలసినంత దొరుకుతుంది. గ్రానైటుకి చీమకుర్తి, పలక రాయికి మార్కాపురం ఉన్నాయి. ఇటలీ పాలరాయి వేయించి గ్రీన్ అని బోర్డు పెట్టుకునేవాళ్ళని చూశాను. దగ్గర్లో దొరికేది వాడితే పాయింట్లూ వస్తాయి, లారీ కిరాయీ మిగులుతుంది. కాకపోతే ఫ్లైయాష్ ఇటుక క్యూరింగ్, అంటే నీళ్ళతో తడిపి గట్టిపరచడం, కాకుండానే పంపిస్తుంటారు. లారీ దిగినప్పుడే నాలుగు ఇటుకలు తీసి అంచు గోటితో గీకి చూడు. పొడి రాలితే తిప్పి పంపించెయ్.

ఈ పనిలో చాలామంది దెబ్బతినేది కాగితాల దగ్గర. ప్రతి బిల్లు, డెలివరీ చలానా, కాటా చీటీ, కుళాయిల కేటలాగు, పెయింటు డబ్బా మీది వివరాలు, సైటు ఫోటోలు తేదీతో సహా ఏ రోజువి ఆ రోజు స్కాన్ చేసి పెట్టుకో. స్టోర్ కీపరుకి ఒక ఫైలు ఇచ్చి, సాయంత్రం నువ్వు ఇంటికెళ్ళే ముందు చూడు. ఏడాది తర్వాత ఐజీబీసీ వాళ్ళు ప్రశ్నలు వేస్తే, అప్పుడు సప్లయర్ల చుట్టూ తిరిగినా ఎవరూ పలకరు. ప్లాను పెట్టేముందు టౌన్ ప్లానింగ్ వాళ్ళని గ్రీన్ బిల్డింగులకి ఫీజులో రాయితీ సంగతి కూడా అడుగు.

ప్రీ-సర్టిఫికేషన్ రాగానే మీ మార్కెటింగ్ వాళ్ళు బ్రోచరు మీద పెద్దక్షరాలు వేస్తారు. అది డ్రాయింగులకి ఇచ్చింది, కట్టిన బిల్డింగుకి కాదు. ఆ తేడా బ్రోచర్లో రాయించు. రాయించకపోతే రేపు కొనుక్కున్నవాళ్ళు నిలదీసేది నిన్నే.

చివరిగా, అప్పజెప్పే రోజు. ఒక పెద్ద అపార్టుమెంటులో మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటులో గాలి ఊదే బ్లోయర్‌కి కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని అసోసియేషన్ వాళ్ళు ఆపేశారు. నీళ్ళు నేరుగా డ్రైనేజీలోకి పోతున్నాయి, గోడ మీద సర్టిఫికెట్ ఫ్రేము మాత్రం మెరుస్తోంది. కాబట్టి మోటారు ఎప్పుడు వెయ్యాలి, సంపు ఎప్పుడు కడగాలి, తడి చెత్త ఎక్కడ పొయ్యాలి, నెలకి ఖర్చెంత అనేవి తెలుగులో రెండు పేజీలు రాసి వాచ్‌మన్‌కీ అసోసియేషన్‌కీ ఇవ్వు. కామన్ లైట్లకీ లిఫ్టుకీ డాబా మీద సోలార్ పెట్టుకుంటే, కేంద్రం పీఎం సూర్యఘర్ పథకంలో అసోసియేషన్లకి కిలోవాటుకి 18 వేల సబ్సిడీ ఉంది. మీరు వైరింగు పైపులు వేసి చోటు వదిలితే చాలు, దరఖాస్తు వాళ్ళే పెట్టుకుంటారు.

వచ్చే ఆదివారం ప్లాను ప్రింటు తీసుకొని భోజనానికి రా, అత్తయ్య కూడా రమ్మంది. పడమటి ఎలివేషన్ ఇద్దరం కూర్చుని మళ్ళీ గీద్దాం. మీ ఆర్కిటెక్టుని కూడా తీసుకొస్తే మరీ మంచిది.

ఇట్లు,
మామయ్య