90 రోజులు కాదు, ముద్ర కింద రాసిన తేదీ చూడండి

ప్రశ్న: మాది తెనాలి. కొన్నేళ్లుగా బార్బడోస్‌లో ఒక మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను, వర్క్ పర్మిట్ ఉంది. మా బాబు ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు ఎనిమిది నెలలు. నా భార్య మళ్లీ ఉద్యోగంలో చేరడంతో మా అత్తగారిని పిలిపించుకున్నాం. మావయ్యగారు పోయాక ఆమె బాగా కుంగిపోయారు. మనవడి దగ్గరకు వచ్చాకే మళ్లీ మనిషయ్యారు. ఇక్కడ చదువుకునే మన పిల్లలకి వంట చేసి పెడుతూ కాలక్షేపం చేస్తున్నారు. భారతీయులకు 90 రోజుల దాకా వీసా అక్కర్లేదని చూసుకునే తీసుకొచ్చాం. రిటర్న్ టికెట్ 85వ రోజుకి ఉంది. ఇంకో మూడు నెలలు ఉంచుకోవాలని మా కోరిక. రెండు రోజులు ట్రినిడాడ్ వెళ్లొస్తే మళ్లీ 90 రోజులు ఇస్తారని ఒకరు, ఆరు నెలలు ఉండే హక్కు ఉందని కోర్టే చెప్పిందని ఇంకొకరు అంటున్నారు. గడువు దాటినా ఫర్వాలేదు, పాస్‌పోర్టు పోయిందని చెప్పి కొత్తది తీసుకోవచ్చని మరొకరి సలహా. తర్వాత ఆమె కెనడాలో మా బావమరిది దగ్గరకు వెళ్లాలి. ఆమె పరిస్థితి చూసి మానవతా దృష్టితో ఉండనిచ్చే దారి ఏదైనా ఉందా? పాస్‌పోర్టు ముద్ర ఫొటో జత చేశాను.
— ఒక పాఠకుడు, బ్రిడ్జ్‌టౌన్

జవాబు: మీరు పంపిన ఫొటోని పెద్దది చేసి చూశాను. గ్రాంట్లీ ఆడమ్స్ ఎయిర్‌పోర్టులో వేసిన ముద్ర కింద అధికారి పెన్నుతో ఒక తేదీ రాశారు. దిగిన రోజు నుంచి లెక్కిస్తే అది 42 రోజులకు వస్తుంది. మీరు నాకు రాసిన నాటికి అందులో 12 రోజులే మిగిలి ఉన్నాయి. మీ ఉత్తరంలో 90 అనే అంకె ఉంది, 85వ రోజు టికెట్ ఉంది, ఈ తేదీ మాత్రం ఎక్కడా లేదు. అందుకే జవాబు అచ్చయ్యేదాకా ఆగకుండా ఆ ఒక్క సంగతి ముందే మీకు ఫోన్ చేసి చెప్పించాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మీ కేసు మొత్తం ఆ తేదీ మీదే నిలబడి ఉంది. వీసా లేకుండా రావచ్చు అంటే విమానం ఎక్కే ముందు వీసా తీసుకోనక్కర్లేదని మాత్రమే అర్థం. దిగాక ఎన్నాళ్లు ఉండాలో నిర్ణయించేది ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో ఉన్న అధికారి. 90 రోజులు అనేది ఆయన ఇవ్వగలిగే గడువు, ఇచ్చి తీరాల్సిన గడువు కాదు. ఎక్కడ ఉంటారు, ఖర్చు ఎవరిది, ఎందుకు వచ్చారు అన్న ప్రశ్నలకు వచ్చిన జవాబుల్ని బట్టి తక్కువ రోజులు రాయొచ్చు. రిటర్న్ టికెట్ తరువాతి తేదీకి ఉన్నంత మాత్రాన అప్పటిదాకా అనుమతి ఉన్నట్టు కాదు. చదువుకున్నవాళ్లు, మరో దేశంలో ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు, పెద్దావిడని అంత దూరం రప్పించి పాస్‌పోర్టు ఒక్కసారి తెరిచి చూడకపోవడం పెద్ద నిర్లక్ష్యం. ఆ తేదీ దాటిపోయి ఉంటే దాని ఫలితం ఆమె పేరు మీదే పడేది, మీ పేరు మీద కాదు.

మానవతా దృష్టి గురించి అడిగారు. ఆమె ఒంటరితనం, మనవడితో అనుబంధం అర్జీలో కారణాలుగా రాయొచ్చు, రాయండి కూడా. కానీ గడువు బతికి ఉండగా పెట్టిన అర్జీలోనే వాటికి విలువ ఉంటుంది. గడువు దాటాక అధికారి ముందు చూసేది తేదీనే.

ఇక మీకు దొరికిన సలహాలు.

కోర్టు తీర్పు సంగతి నిజమే. షానిక్ మైరీ అనే జమైకా యువతిని 2011లో బార్బడోస్ ఎయిర్‌పోర్టులో అవమానకరంగా సోదా చేసి వెనక్కి పంపారు. ఆమె కరీబియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్‌కు వెళ్లారు. 2013లో ఆ కోర్టు ఆమె పక్షాన తీర్పు ఇచ్చి, ఆమె పడిన బాధకు 75,000 బార్బడోస్ డాలర్ల పరిహారం ఇమ్మంది. ఆరు నెలల దాకా ఇబ్బంది లేకుండా ఉండే హక్కు అక్కడే తేలింది. అయితే ఆ హక్కు కారికామ్ అనే కరీబియన్ దేశాల కూటమిలోని సభ్య దేశాల పౌరులది. 2007లో ఆ దేశాధినేతలు తీసుకున్న నిర్ణయం నుంచి పుట్టింది. గయానా, ట్రినిడాడ్‌ల నుంచి వచ్చిన భారత సంతతి వాళ్లు మీ చుట్టుపక్కల ఆరు నెలలు ఉండటం మీ స్నేహితులు చూసి ఉంటారు. వాళ్ల పేర్లు మన పేర్లలాగే ఉండొచ్చు, పాస్‌పోర్టు వేరు. భారత పాస్‌పోర్టుతో వచ్చిన మీ అత్తగారికి ఆ తీర్పు ఉపయోగపడదు. కౌంటర్ దగ్గర దాన్ని ఎత్తి వాదన పెట్టుకోకండి.

ట్రినిడాడ్ వెళ్లి రావడం నేరం కాదు. కానీ తిరిగొచ్చినప్పుడు కొత్తగా 90 రోజులు ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు. రెండు రోజుల తేడాతో రెండు ముద్రలు పక్కపక్కన కనిపిస్తే ఎవరికైనా విషయం అర్థమవుతుంది. వారం రోజులు ఇవ్వొచ్చు, అసలు లోపలికి రానివ్వకపోవచ్చు. రానివ్వలేదంటే అది ఆ రోజుతో పోదు. కెనడా వీసా దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది: కెనడాలోగాని మరే దేశంలోగాని మీకు వీసా నిరాకరించారా, ప్రవేశం నిరాకరించారా, వెళ్లిపొమ్మని ఆదేశించారా అని. అవునని రాస్తే వివరణ ఇచ్చుకోవాలి. లేదని అబద్ధం రాసి దొరికితే అక్కడి చట్టం 40వ సెక్షన్ కింద ఐదేళ్లు కెనడాలో అడుగు పెట్టనివ్వరు. కొడుకు దగ్గరకు వెళ్లాల్సిన మనిషికి రెండు రోజుల ట్రినిడాడ్ ప్రయాణం కోసం అంత ప్రమాదం తలకెత్తుకోవడం నేను ఒప్పుకోను.

పాస్‌పోర్టు పోయిందని చెప్పమన్న సలహా ఇచ్చినవారితో ఈ విషయంలో మళ్లీ మాట్లాడకండి. ఇది అడ్డదారి కాదు, నేరం. మన పాస్‌పోర్టుల చట్టం, 1967 విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుంది. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు పొందడానికి తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చినా, ముఖ్యమైన సంగతి దాచినా రెండేళ్ల దాకా జైలు, లేదా ఐదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాస్‌పోర్టులో ఉన్న రాతల్ని మార్చినా అదే సెక్షన్, అదే శిక్ష. ముద్ర కింద తేదీ పెన్నుతోనే ఉంది కదా, ఒక అంకె దిద్దితే ఏమవుతుంది అని ఎవరైనా అంటారేమోనని ఇది కూడా చెబుతున్నాను. 10వ సెక్షన్ కింద అలా తీసుకున్న పాస్‌పోర్టుని స్వాధీనం చేసుకోవచ్చు. పైగా పోయిందని చెప్పాలంటే ముందు అక్కడి పోలీసులకు అబద్ధపు ఫిర్యాదు ఇవ్వాలి, అది ఆ దేశంలో ఇంకో కేసు. ఇంతా చేస్తే ఆమె ఏ రోజు దిగారో, ఎన్నాళ్లు గడువిచ్చారో ఇమ్మిగ్రేషన్ రికార్డుల్లో అలాగే ఉంటుంది. పుస్తకం మారితే రికార్డు మారదు.

మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన మరో వాక్యం నన్ను ఆపింది. పిల్లలకు వంట చేసి పెడుతున్నారని రాశారు. మా జూనియర్ ఫోన్ చేసినప్పుడు అడిగితే క్యారియర్‌కి ఇంత అని నెలనెలా డబ్బు తీసుకుంటున్నారని చెప్పారు. అది కాలక్షేపం కాదు, వర్క్ పర్మిట్ లేకుండా చేసే పని. సందర్శకురాలిగా వచ్చిన మనిషికి ఆ అనుమతి లేదు. తేదీ విషయంలో మీరు ఎంత జాగ్రత్తపడినా ఈ ఒక్క కారణం చాలు, పొడిగింపు నిరాకరించడానికి. ఈ రోజే ఆపించండి. పిల్లల వాట్సాప్ గ్రూపులో ఆమె పేరుతో మెనూ, ధరలు పెట్టడం కూడా ఆపాలి. పొడిగింపు అడిగేటప్పుడు దీని గురించి ప్రశ్న వస్తే అబద్ధం చెప్పొద్దు. అలాంటి ప్రశ్న వస్తుందన్న అనుమానం ఉంటే అర్జీ ఇచ్చే ముందే అక్కడి న్యాయవాదిని ఒకరిని కలవండి. సొంత మనవడిని ఎత్తుకుని ఆడించడం వేరు, దానికి ఎవరూ తప్పు పట్టరు.

ఇప్పుడు చేయాల్సింది. ఆ తేదీ రాకముందే బ్రిడ్జ్‌టౌన్‌లోని ఇమ్మిగ్రేషన్ శాఖకు వెళ్లి గడువు పొడిగింపుకి అర్జీ ఇవ్వండి. ఆఖరి రోజు దాకా ఆగకండి, మధ్యలో సెలవులు వస్తాయి. ఆమెని వెంట తీసుకెళ్లండి. పాస్‌పోర్టు అసలుతో పాటు ముద్ర ఉన్న పేజీ నకలు, కొత్త తేదీకి మార్చిన రిటర్న్ టికెట్, మీ వర్క్ పర్మిట్, జీతం వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంటి అద్దె ఒప్పందం, ఆమె ఖర్చంతా మీరే భరిస్తున్నారని మీ సంతకంతో ఉత్తరం, ఆమె పేరు మీద ఆరోగ్య బీమా ఉంటే అదీ పెట్టండి. బంధుత్వం చూపడానికి మీ పెళ్లి సర్టిఫికెట్, మీ భార్య పాస్‌పోర్టులో తల్లి పేరు ఉన్న పేజీ చాలు. మూడు నెలలే ఎందుకో ఒక పేరాలో నిజం రాయండి, అంతకన్నా పొడుగు అవసరం లేదు. అర్జీ ఇచ్చినట్టు తేదీతో రశీదు తీసుకోండి. రేపు ఏ ప్రశ్న వచ్చినా మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే. కానీ రశీదు వచ్చినంత మాత్రాన పొడిగింపు వచ్చినట్టు కాదు. నిర్ణయం వచ్చేలోపు పాత గడువు ముగిసిపోతే ఆమె స్థితి ఏమిటో కౌంటర్ దగ్గరే అడిగి, వీలైతే రాతలో తీసుకోండి. పొడిగింపు ఇవ్వడం, ఎన్ని రోజులివ్వడం అధికారి ఇష్టం. కాదంటే ఇచ్చిన తేదీలోపు ఆమెని విమానం ఎక్కించండి. సమయానికి వెళ్లిపోయిన మనిషి మళ్లీ రావచ్చు.

ఇదే పరిస్థితిలో ఉండి ఇప్పటికే తేదీ దాటిపోయిన పాఠకులు ఎవరైనా ఉంటే దాక్కోవద్దు. టికెట్ చేతిలో పెట్టుకుని మీరే ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి చెప్పండి, వెళ్లిపోయినట్టు రుజువులు దాచుకోండి. వెల్కమ్ స్టాంప్ గురించి కూడా తరచూ అడుగుతారు. 2020లో పెట్టిన ఆ పథకం 12 నెలలు ఉండనిస్తుంది, కానీ అది బయటి దేశపు సంస్థకు పనిచేస్తూ ఏడాదికి 50,000 అమెరికన్ డాలర్లు సంపాదించేవాళ్ల కోసం. మీ అత్తగారికి వర్తించదు.

చివరగా మీరు అడగని విషయం. బాబు అక్కడ పుట్టాడని, ఎనిమిది నెలలని రాశారు. పుట్టినట్టు భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించారా? పౌరసత్వ చట్టం, 1955లోని 4వ సెక్షన్ ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల ద్వారా భారత పౌరసత్వం రావాలంటే ఏడాదిలోపు ఆ నమోదు జరగాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి, ఆ ఫైలు ఎప్పటికి తెమలుతుందో చెప్పలేను. బిడ్డకు మరో దేశపు పాస్‌పోర్టు లేదని మీరిద్దరూ రాసివ్వాలి కూడా. కాబట్టి అక్కడి పాస్‌పోర్టుకి దరఖాస్తు చేసే ముందు బాబు ఏ దేశ పౌరుడిగా ఉండాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. మీకు ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి. జనన ధృవీకరణ పత్రం తీసుకుని, బార్బడోస్ వ్యవహారాలు చూసే మన రాయబార కార్యాలయానికి ఈ వారమే రాయండి.