పసి, పచ్చి: ఒక బ్యారన్ పాఠం

‘వాడికింకా పసితనం పోలా’ అంటారు కదా, అక్కడ పసి అంటే చిన్న వయసా, అనుభవం లేకపోవడమా, అసలు ఆ మాట ఎక్కడిది అని అడిగారు. వయసూ అవును, తెలియనితనమూ అవును. నాకు ఆ మాట ఒంటబట్టింది మాత్రం ఒంగోలు దగ్గర మా ఊళ్లో, పొగాకు బ్యారన్ ముందు. బ్యారన్ అంటే పచ్చి పొగాకుని పొయ్యి సెగతో ఆరబెట్టే కొట్టం.

అప్పుడు నాకు 19 ఏళ్లు. నాన్నకు జ్వరమొచ్చి ఆ రాత్రి పొయ్యి నాకు అప్పజెప్పారు. బ్యారన్‌లో వేలాడదీసిన పచ్చాకుని మొదట సన్న సెగ మీద, 35 డిగ్రీలకు అటూ ఇటూగా, తేమ పోనీకుండా ఒకటి రెండు రోజులు ఉంచాలి. అప్పటికి ఆకు ఇంకా బతికే ఉంటుంది. ఆకుపచ్చ మెల్లగా విరిగి పసుపు తేలుతుంది. ఆ తర్వాతే వేడి పెంచుకుంటూ ఆకునీ, చివర్లో 70 డిగ్రీల దాకా పోయి ఈనెనీ ఆరబెట్టాలి. నాకేమో తొందరగా తెమిలితే పోయి పడుకోవచ్చని ఆశ. కట్టెలు ఎగదోశాను. తెల్లారి తలుపు తీస్తే ఆకు అంచులు ఎండి గలగలమంటున్నాయి, రంగు చూస్తే ఇంకా ఆకుపచ్చే! సెగ ఒక్కసారిగా తగిలితే ఆకు చచ్చి ఆ పచ్చదనం అట్లాగే బిగిసిపోతుంది. ఇక ఏం చేసినా పోదు. వేలంలో దానికి పలికిన రేటు చెప్పుకోను.

క్యూరింగ్, అంటే ఈ ఆకు ఆరబెట్టే పని, చూసే పెద్దాయన తిట్టలేదు. ‘‘ఆకూ పచ్చే, అబ్బాయీ పచ్చే’’ అని బీడీ ముట్టించాడు.

మీ ప్రశ్నకు జవాబు ఆ ముక్కలోనే ఉంది. పచ్చ, పచ్చి, పసరు, పసుపు, పైరు ఒక్క వేరు మాటలు. పాలు కన్నడంలో హాలు అయినట్టే, పచ్చి అక్కడ హసి. మన పసికి చుట్టాలు తమిళ పైయన్, కన్నడ హసుళె. ఒకటి కుర్రాడు, ఇంకోటి పసిబిడ్డ. పసినీ పచ్చినీ వేరుగా చూడటం నాకైతే కుదరదు. పండని కాయ, పండని మనిషి, రెంటికీ పసరు వాసనే.

వాడుకలో తేడా ఉందిలెండి. ‘పసివాడు, వదిలెయ్’ అని వెనకేసుకొస్తారు. ‘పచ్చి’ అన్నారంటే తప్పు పట్టినట్టే. ‘పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ’ అన్నారంటే అది పూర్తిగా ఎకసెక్కం.

ఎదురు మాటలు చూస్తే ఇంకా సరదా. తలపండినవాడు, కాకలు తీరినవాడు, ఆరితేరినవాడు. కాక అంటే వేడి. పండటం, కాగటం, ఆరటం... బ్యారన్‌లో ఆకు దాటే వరసే కదా ఇది!

పెద్దాయన మాత్రం ఆ తర్వాత మూడు సీజన్లు నన్ను థర్మామీటర్ ముట్టుకోనివ్వలేదు.