మరచెంబు ఫొటోలు అన్నం పెడతాయా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తల్లి రాశారు. అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. నాయనమ్మ మరచెంబు, లాంతరు, కళ్లజోడు వరసగా కిటికీ దగ్గర పెట్టి ఫొటోలు తీయడం, వాటిని ఫోన్లో గంటలు గంటలు ఎడిట్ చేసి పాతకాలం ఫొటోల్లా మార్చడం, ఇదే లోకమైపోయిందట. బీటెక్ వద్దంటోందట. వాళ్ల నాన్నగారు మండిపడుతున్నారట. "ఇందులో అన్నం పెట్టే పని ఉందా సార్, ఉన్నదున్నట్టు చెప్పండి" అని అడిగారు, మూడు ఫొటోలు కూడా పంపారు.

అమ్మా, ముందు మీరు టెన్షన్ పడకండి. మూడూ చూశాను. మరచెంబు ఫొటో చాలా బాగుంది, మూత అంచున వెలుగు సన్నటి గీతలా పడింది, రెండో వైపు నీడ మెల్లగా నల్లబడింది. అలాంటి వెలుగు కోసం ఆగి తీసిందంటే పిల్లకి చూపు ఉంది. లాంతరు ఫొటో మాత్రం కుదరలేదు. దగ్గరగా చూడండి, లాంతరుకి రెండు నీడలున్నాయి, ఒకటి కిటికీ వెలుగుది, ఇంకోటి పైన ట్యూబ్‌లైటుది. దాని మీద ఎంత గోధుమరంగు పూసినా, ఎన్ని గీతలు వేసినా ట్యూబ్‌లైటు నీడ దాగదు. చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఇది నిన్న తీసిన ఫొటో అని అనిపించేస్తుంది.

ఇంకో సంగతి కూడా అమ్మాయికి చెప్పండి. పాత ఫొటో అంటే ఏ కాలం నాటి పాత? మీ అత్తగారి పెట్టెలో ఉన్న ఆల్బమ్ తీసి ముందు పెట్టుకోమనండి. బ్లాక్ అండ్ వైట్ కాలంలో సెపియా రంగు రావడానికి ఫొటోలోని వెండిని రసాయనంతో సిల్వర్ సల్ఫైడ్‌గా మార్చేవాళ్లు, దానివల్ల ఫొటో ఎక్కువ కాలం నిలిచేది కూడా, అందుకే ఆ ఫొటోలు గోధుమరంగులో ఉన్నా చాలావాటిలో నలుపు, తెలుపు గట్టిగానే కనిపిస్తాయి. 1970ల, 80ల కలర్ ప్రింట్ల కథ వేరు, వాటిలో రంగులు ఒక్కోటి ఒక్కో వేగంతో వెలిసిపోతాయి, నీలం, ఆకుపచ్చ కలిసినట్టుండే సయాన్ రంగు ముందు పోయిన ప్రింటు ఎర్రగా తేలుతుంది, నలుపు బూడిదరంగుకి దిగుతుంది. మీ అమ్మాయి లాంతరు ఫొటోలో సెపియా ఉంది, వెలిసిన నలుపు ఉంది, పైగా సినిమా రీలు మీద పడే గీతలూ ఉన్నాయి. మూడు కాలాలు ఒక్క ఫొటోలో కలిపేసింది! ఒక కాలం ఎంచుకుని, ఆల్బమ్‌లోని ఫొటో పక్కన పెట్టుకుని, అందులో నలుపు ఎంత నలుపుందో చూసి, వెలుగునీడలు సరిచేసే కర్వ్స్ అనే గీతలో నలుపు వైపున్న కింది చివర కాస్త పైకి లేపి, రంగుల గాఢత తగ్గించి, పాత ఫిల్మ్ మీద కనిపించే నలుసుల్లాంటి గ్రెయిన్ చివర్లో వేయమనండి. ఫోన్లో స్నాప్‌సీడ్‌తో మొదలుపెట్టొచ్చు, కంప్యూటర్ ఉంటే డార్క్‌టేబుల్, గింప్ రెండూ ఉచితమే. అసలు ఫైలు మాత్రం ఎప్పుడూ చెరపకూడదు.

ఇప్పుడు అన్నం సంగతి. పాత లుక్ ఫిల్టర్ వేసినందుకు ఎవరూ డబ్బులివ్వరమ్మా, ఆ పని ఒక్క నొక్కుతో ఫోనే చేసేస్తోంది. వస్తువుని వెలుగులో పెట్టి అందంగా చూపించగలిగినవాళ్లకి మాత్రం పని ఉంది. గుంటూరు, విజయవాడల్లో పచ్చళ్లు, కారప్పొడులు, వెండి సామాన్లు, మంగళగిరి చీరలు ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు ఎంతమంది లేరు, వాళ్లందరికీ ఫొటోలు కావాలి. కానీ అక్కడ చెయ్యి అదుపులో ఉండాలి. ఆవకాయ జాడీకి సెపియా పూస్తే ఎర్రటి నూనె కాస్తా గోధుమరంగుకి తిరిగి పచ్చడి పాడైపోయినట్టు కనిపిస్తుంది, చీర రంగు మారితే పార్సిల్ వెనక్కి వస్తుంది. వెనకున్న చెక్కబల్లకి, ఇత్తడి గరిటెకి పాత ఛాయ ఇచ్చి పచ్చడి ఎరుపు చెక్కుచెదరకుండా ఉంచడం నేర్చుకుంటే అది నిజంగా పనికొచ్చే విద్య. పెళ్లి ఆల్బమ్ డిజైనింగ్, చిరిగిన పాత ఫొటోలు బాగుచేయడం కూడా ఉన్నాయి, స్టూడియోల్లో ఈ పని తెలిసినవాళ్లని అడుగుతూనే ఉంటారు. అయితే మొదట్లో నెలనెలా ఒకేలా డబ్బు రాదు, సీజన్ బట్టి ఉంటుంది. ఇది అమ్మాయికి ఇప్పుడే తెలియాలి.

చదువు మానేయడం మాత్రం ఒప్పుకోకండి. ఇంటర్ మంచి మార్కులతో పూర్తవ్వాలి, ఈఏపీసెట్ కూడా రాయనివ్వండి, వాళ్ల నాన్నగారి మనసూ కుదుటపడుతుంది. దాంతోపాటు రెండు పరీక్షలు చూసుకోండి. ఒకటి ఎన్ఐడీ, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, ఎంట్రన్స్, ఏ గ్రూపువాళ్లయినా రాయొచ్చు. ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ 2015లో మీ పక్కనే నాగార్జున యూనివర్సిటీ ప్రాంగణంలోనే మొదలైంది, అందులో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది. రెండోది హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఫొటోగ్రఫీ, నాలుగేళ్ల కోర్సు, దానికీ ఎంట్రన్స్ ఉంటుంది. ఎన్ఐడీకి పెన్సిల్ పట్టి బొమ్మ గీయడం రావాలి, ఫొటోలు చూపించి గట్టెక్కలేరు, కాబట్టి అదే మరచెంబు ఎదురుగా పెట్టుకుని రోజూ ఒక అరగంట గీయమనండి. నోటిఫికేషన్లు, ఫీజులు ఆ సంస్థల వెబ్‌సైట్లలోనే చూసుకోండి, ఏజెంట్ల మాట నమ్మి అడ్వాన్సులు కట్టొద్దు. సీటు రాకపోతే బీటెక్‌లోనో డిగ్రీలోనో చేరి సెలవుల్లో ఒక స్టూడియోలో పని నేర్చుకోవచ్చు, ఆ దారిలో వెళ్లి నిలబడ్డ పిల్లల్ని నేను చూశాను.

కెమెరా ఇప్పుడే కొనకండి. అమ్మాయి అడుగుతుంది, అయినా ఆగండి. ఉన్న ఫోన్‌తోనే, ఇంట్లో ఉన్న వస్తువులతోనే, పరీక్షలయ్యాక రెండు నెలల్లో పన్నెండు ఫొటోలు తీయమనండి, ప్రతిదానికీ అసలుది, ఎడిట్ చేసింది పక్కపక్కన పెట్టి, ఏ కాలం అనుకుని ఏం మార్చిందో రెండు ముక్కలు రాయమనండి. ఈలోగా ఒక్క ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ లాంతరునే మళ్లీ కిటికీ దగ్గర పెట్టి, ట్యూబ్‌లైటు ఆర్పి, ఒక్క ఫొటో తీసి ఏమీ మార్చకుండా నాకు పంపమనండి. చూసి నేనే అమ్మాయితో మాట్లాడతాను.